బొంతకు అడిగి తెచ్చిన బట్ట

మా అక్క మనవరాలు నెల కిందట ప్రసవించింది. బిడ్డను చూడడానికి ఉత్త చేతులతో పోతే బాగుండదని, మానుకోట బజారులో ఒక పెద్ద కొట్టుకు పోయి పిల్లల పడక సెట్టు ఒకటి కొన్నాను. చిన్న పరుపు, నడిమికి గుంట ఉన్న దిండు, పక్కలకు రెండు మెత్తలు, దోమతెర, అన్నీ కలిపి జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో కుక్కారు. అలవాటు చొప్పున ఆ సెట్టు వైపు కన్నెత్తకుండా పక్కనున్న గొడుగులను తడుముతూ ధర అడిగాను. అమ్మే పిల్ల నా నాటకాన్ని పట్టించుకోలేదు, అట్ట మీద అంటించిన చీటీని వేలితో చూపించి మళ్లీ ఫోనులో పడిపోయింది. ఇన్నేళ్ల విద్య ఒక చీటీ ముందు చేతులెత్తేసింది. ఇంటికి తెచ్చి జిప్పు లాగితే గుప్పుమని వాసన కొట్టింది. కొత్త చెప్పులు, కిరసనాయిలు, ఎండలో కాగిన బస్సు సీటు, ఈ మూడూ కలిస్తే వచ్చే వాసన. రెండు రోజులు బాల్కనీలో ఆరేసినా పోలేదు. నిండా నెల లేని బిడ్డ ముక్కు కింద దీన్ని పరచడమా అని పరుపును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఈ మధ్య నాకు ఏ పని మొదలుపెట్టినా మధ్యలో ఇట్లా కూర్చుండిపోవడం ఎక్కువైంది.

మేం పుట్టి పెరిగింది మరిపెడలో. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక బావి. మా వరసంతా ఇట్లాగే ఉండేది, ఒక ఇంటి ముందు కిరాణా, ఒక ఇంటి ముందు బట్టలు, ఒక ఇంటి ముందు ఇనుప సామాను, చివరన కుట్టు మిషను పెట్టుకున్న జైనబి వాళ్ల ఇల్లు. పొద్దున లేస్తే బేరాల మాటలే చెవిన పడేవి కనుక నాకు పాలపళ్లు ఊడకముందే బేరం వచ్చేసింది. మా బాపు, మిరపకాయల బస్తా మీద చేయి పెట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పేవాడు: నీకు కావలసిన దాని దిక్కు చూడకు, పక్కదాన్ని అడుగు, నీ ఆఖరి మాట అన్నంక నోరు మూసుకో, చెప్పుల్లో కాళ్లు పెట్టు, వాడే పిలుస్తాడు. నేను ఆ చదువులో మొదటి తరగతి. బడి చదువులో ఎన్నో తరగతో ఇక్కడ అనవసరం. సంతలో వంకాయలామె నన్ను చూస్తే తట్ట మీద కొంగు కప్పేసేది.

అమ్మ చదువు వేరు. ఆమె రాజ్యంలోంచి ఏ వస్తువైనా బయటికి పోవాలంటే నాలుగైదు జన్మలు ఎత్తి, ఇక దేనికీ పనికిరానని ఒప్పుకున్నాకే పోవాలి. దుకాణానికి వచ్చిన నూనె డబ్బా ఖాళీ అయితే రేకుల పనివాడితో మూత పెట్టించి దాన్ని బియ్యం డబ్బా చేసేది, దాని అడుగు తుప్పు పడితే మేకుతో తూట్లు పొడిపించి బూడిద జల్లెడ చేసేది. చక్కెర బస్తా నోటికి కుట్టిన దారం తెంపకుండా కొసనుంచి కొసకు లాగి ఉండ చుట్టి గూట్లో పెట్టేది. గోనె సంచి నాలుగు మడతలు పెట్టి కుడితే గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టా, కొబ్బరి చిప్పకు వెదురు పుల్ల గుచ్చితే గోలెంలో నీళ్లు ముంచే గరిటె. మధ్యాహ్నాలు మేం రాసేసిన నోటుబుక్కుల కాగితాలు చింపి, మైదా గంజి పూసి, దుకాణానికి పొట్లాల సంచులు అంటించేవాళ్లం. మా తెలుగు పంతులు ఎర్ర సిరాతో కొట్టేసిన నా తప్పులు జీలకర్రతో పాటు ఊరంతా తిరిగేవి. అంటించడానికి పనికిరాని చిరుగు కాగితాలను నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, వదులైపోయిన వెదురు బుట్టలకూ చాటలకూ లోపలా బయటా పూసి ఎండబెట్టేది. ఎండాకాలమంతా మా వాకిలి మెంతుల చేదు వాసనతో నిండిపోయేది. నా చేతులకు ఆ వాసన ఎంత పట్టేదంటే బడిలో పక్క పిల్ల జరిగి కూర్చునేది.

బట్ట సంగతైతే చెప్పనే అక్కర్లేదు. నూలు చీర అమ్మ ఒంటిమీద మూడేళ్లు, ఆపైన నడిమికి చింపి కొసలు కలిపి కుట్టుకుని ఇంకో ఏడాది, ఆపైన మా లంగాల కింద అస్తరు, ఆపైన దిండు గలీబు, ఆపైన వంటింట్లో మసిబట్ట, చివరికి దీపం కుందిలో వత్తి. బాపు పాత ధోవతులకు మాత్రం కాస్త గౌరవం ఎక్కువ. చలికాలం సకినాలు చేసేనాడు మంచం మీద ధోవతి పరిచి, అమ్మ బియ్యప్పిండిని వేళ్ల సందునుంచి జారుస్తూ ఒక చుట్టు లోపల ఇంకో చుట్టు తిప్పుతుంటే, పక్కన కూర్చుని విరిగిన సకినాలకు నేను కాపలా కాసేదాన్ని. ఎన్నిసార్లు ఉతికినా ఆ ధోవతులకు నువ్వుల వాసన, వాము వాసన పోయేది కాదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పెసర సద్ది మూటగట్టేదీ వాటి ముక్కల్లోనే.

ఇప్పుడు ఇదంతా చెప్తే వినేవాళ్లు ముచ్చటపడతారు. మా అమ్మకు ఇందులో ముచ్చట ఏమీ కనిపించేది కాదు. పొద్దు గూకే వేళకు ఆమె నడుము పట్టేసేది, కుడిచేతి బొటనవేలు దబ్బనం పోట్లతో గరుకుదేరి ఉండేది, పాతదాన్ని మళ్లీ పనికి తెచ్చే పని కొత్తది తెచ్చుకునే పనికంటే మూడింతలని ఆమె మొహమే చెప్పేది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని, "ఇంక ఏం మిగిలిందే?" అని అడిగేది. ఏదో ఒకటి మిగిలే ఉండేది.

ఇంత పట్టు పట్టే అమ్మ దగ్గర బట్టలు విడిపించుకోగలిగిన మనిషి ఒక్కతే, గిన్నెల లచ్చమ్మ. నెలకోసారి మానుకోట నుంచి పొద్దుటి బస్సుకు దిగి, నెత్తి మీద తట్ట నిండా తళతళలాడే స్టీలు సామానుతో మా వరసలో తిరిగేది. పాత బట్టలు ఇస్తే గిన్నెలు ఇచ్చేది. ఆమె తట్టలో మూతతో సహా ఒక పెద్ద స్టీలు గంజు ఉండేది, ఇరవై మందికి అన్నం వండేటంతది. అమ్మ దాని మీద మనసు పడింది. ఎన్ని చీరలు చూపించినా లచ్చమ్మ ప్రతిసారీ ఇంకొక్కటి తక్కువైందనేది, అమ్మ మూట మళ్లీ కట్టేసుకునేది. ఆరునెలలుగా ఇదే తంతు. నాకు ఆ గంజు ఇంటి పరువు సమస్యలాగా తయారైంది.

నాకు పన్నెండేళ్లప్పుడు, తరిగొప్పులలో ఇచ్చిన మా సరోజక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా వైపు పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయరు. కట్టి, ఉతికి, మళ్లీ కట్టి మెత్తబడిన బట్టలు పొరలు పొరలుగా పేర్చి, దబ్బనంతో కుట్టిన బొంతలోనే మొదట పడుకోబెడతారు. దానికి వాడే బట్ట ఇంటి మనుషులు కట్టినదై ఉండాలి, లేదా ఎవరైనా మనసొప్పి ఇచ్చినదై ఉండాలి. కొన్నది పనికిరాదు. అమ్మ ఆ బొంత కోసం అక్క నీళ్లోసుకున్న కబురు తెలిసిననాటి నుంచి బట్టలు దాస్తూ వచ్చింది. చనిపోయిన మా అమ్మమ్మ కట్టిన రెండు చిలకాకుపచ్చ అంచు నూలు చీరలు, తన చీరలు నాలుగు, బాపు ధోవతులు, అన్నీ ఉడుకునీళ్లలో కుంకుడు రసంతో ఉతికి, వేపాకు మధ్యన పెట్టి, మూటగట్టి సందుగలో పెట్టింది. దీపావళి వెళ్లాక కుట్టడం మొదలుపెడదామనుకుంది. ఆ మూట ఎందుకో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు ఇప్పటికీ లేదు.

ఒకరోజు అమ్మ అక్కను తీసుకుని దవాఖానకు పోయింది. బాపు దుకాణంలో ఉన్నాడు. వెనక వాకిట్లో నేనొక్కదాన్నే పొట్లాల సంచులు అంటిస్తున్నాను. లచ్చమ్మ వచ్చి తట్ట దించింది.

"అమ్మ లేదా బిడ్డా?"

"దవాఖానకు పోయింది. కూసో, నీళ్లు తాగి పో."

నీళ్లు ఇస్తూ, గంజు వైపు చూడకుండా, ఒక చిన్న పళ్లెం తీసి దాని అంచు గోటితో గీకాను. "గిది పలుచగున్నది. రెండు నెలలకే సొట్ట పోతది," అన్నాను.

"నువ్వేం కొంటవ్ గని పెట్టు బిడ్డా, నాకు బస్సున్నది."

అప్పుడు నా బుర్రలో దుకాణం లెక్క మొదలైంది. బట్టదేముంది, బట్ట బట్టే, ఇంట్లో ఏడుగురం ఉన్నాం, నెల తిరిగితే ఇంకో మూట జమవుతుంది. గంజు మాత్రం ఈ రోజు పోతే మళ్లీ దొరకదు. అమ్మ తిరిగి వచ్చేసరికి పొయ్యి పక్కన గంజు మెరుస్తుంటే ఆమె మొహం ఎట్లా వెలుగుతుందో కూడా చూసేశాను. సందుగ తీశాను. మూట విప్పి, మా బాపు సరుకు చూపించినట్టే ఒక్కొక్క చీరా పరిచి, వెలుతురుకు పట్టుకుని పొగిడాను.

"నూలు చూడు. ఏడన్న ఒక పోగు లేసిందా? గీ అంచు ఇప్పుడు నేసేటోళ్లే లేరు."

లచ్చమ్మ అమ్మమ్మ చీరను రెండు వేళ్ల మధ్య నలిపింది. అప్పుడు అడిగాను గంజును. కాదంది. మూట కట్టేశాను. రెండు అడుగులు వేశాను. పిలిచింది. గంజుకు తోడు మూత, మూతకు తోడు ఒక హస్తం గరిటె కూడా ఊడబీకాను. ఆమె మూట తట్టలో పెట్టుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు ఏ ఇంటికి కోడలుగ పోతవో గని, గా అత్త పరేషానే."

ఆ మాటను నేను బిరుదులాగా తీసుకున్నాను.

అమ్మ, అక్క మధ్యాహ్నం దాటాక వచ్చారు. అమ్మ గంజును చూసి నిజంగానే ఆగింది. పిడికిలితో అడుగున కొట్టి చూసింది, ఎత్తి బరువు చూసింది, మూత పెట్టి తీసింది.

"మంచిగున్నది. ఏమిచ్చినవ్?"

"సందుగల మూట."

అమ్మ లోపలికి పోయింది. సందుగ మూత ఎత్తిన చప్పుడు వినిపించింది, వేసిన చప్పుడు చాలాసేపటికి గాని రాలేదు. నేను గడపలో నిలబడి, బట్టలు మళ్లీ జమైతయి, గంజు మళ్లీ రాదు అని నా లెక్కంతా ఒప్పజెప్పాను. అక్క పొట్ట మీద చేయి పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"అయితే నా బిడ్డను గంజుల పండబెడ్త. మూత కూడ ఉన్నది కద, చలి పెట్టది," అంది.

అమ్మ నవ్వలేదు, తిట్టలేదు. సందుగ ముందు చతికిలబడి, అడుగున పరిచిన కాగితం మీద రాలిన వేపాకు పొడిని చేత్తో ఒక దగ్గరికి ఊడుస్తూ, "డాక్టరమ్మ ఇంక పదిహేను దినాలే అన్నది," అంది. ఆ గొంతులో కోపం ఉంటే నాకు ఎంత బాగుండేదో. కాన్పు దాకా చేయవలసిన పనుల వరసలో ఇంకో పని వచ్చి పడ్డ అలసట తప్ప ఆ గొంతులో ఏమీ లేదు.

సాయంత్రం బాపుకు చెప్పింది. తెల్లారి మానుకోటకు పోయి లచ్చమ్మను అడిగి మూట వాపసు తెచ్చుకుంటానంది. బాపు తల అడ్డంగా ఊపాడు.

"ఇచ్చిన సామాను వాపసు అడుగుడేంది? మన దుకాణంల మనం తీసుకుంటమా?"

"గది నీ దుకాణం. గిది నా ఇల్లు," అంది అమ్మ. అమ్మ అట్లా అనడం అంతకుముందు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

తెల్లారి మొదటి బస్సుకు బయల్దేరాం. మంచు పట్టి చేలు కనిపించడం లేదు. అమ్మ గంజును తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది, నేను మూత పట్టుకున్నాను. దారి పొడవునా నేను మనసులో బేరం అల్లుకుంటూనే ఉన్నాను: మొదట గరిటె తిరిగి ఇస్తామని చెప్పాలి, తర్వాత మూత, గంజును చివరిదాకా బయటపెట్టకూడదు.

రైలు గేటు దాటాక, మూడు నాలుగు చోట్ల అడిగితే లచ్చమ్మ ఇల్లు దొరికింది. వాకిట్లో బట్టల కుప్పలు వేరువేరుగా ఉన్నాయి. చిరగని చీరలు ఒక దిక్కు, పిల్లల బట్టలు ఒక దిక్కు. లచ్చమ్మ మమ్మల్ని చూసి, గంజును చూసి, విషయం గ్రహించి, పీట వేసింది. నేను గొంతు సవరించుకుని గరిటెతో మొదలుపెట్టాను. రెండు మాటలు పూర్తికాకముందే ఆమె చేయి అడ్డం పెట్టింది.

"బిడ్డా, నిన్న నువ్వు మొఖం అటు తిప్పుకొని మాట్లాడినవ్. ఇయ్యాల సీదా నా మొఖంలకే చూస్తున్నవ్. గిట్లయితే బేరం కాదు."

నిజమే. చెప్పుల్లో కాళ్లు పెట్టి వెళ్లిపోగలిగే దారి నాకు లేదు. అది లేనప్పుడు నా విద్య అంతా ఉత్త వాగుడని ఆ పీట మీద కూర్చుని తెలుసుకున్నాను. అమ్మ మాత్రం బేరం ఏమీ ఆడలేదు. తొలి చూలు బిడ్డ బొంతకు దాచిన బట్ట అని చెప్పి, ఊరుకుంది.

లచ్చమ్మ బట్టల కుప్పల వైపు తిరిగింది. "ముందే చెప్తే ముట్టకపోదును అక్కా. మెత్తటి నూలుబట్ట ఇంట్ల నిలువది. నిన్న పొద్దుమీకినంక లారీ షెడ్లోళ్లు వచ్చి ఎత్తుకపోయిండ్రు." ధోవతులు రెండు మిగిలి ఉంటే తెచ్చి ఇచ్చింది. గంజు తీసుకోమంటే వద్దంది. సరుకు వాపసు ఇయ్యలేనిదాన్ని గంజెట్ల తీసుకుంట అని తువ్వాలలో ఆమే మళ్లీ చుట్టింది.

షెడ్డు బస్టాండుకు పోయే దారిలోనే ఉంది. లారీ కింద నుంచి ఒకాయన వెల్లకిలా జరుగుతూ బయటికి వచ్చాడు, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. తుడుచుకుంటున్న గుడ్డ సగం చిరిగి ఉంది; నూనె అంటని చోట చిలకాకుపచ్చ అంచు కనిపించింది. అమ్మ ఆగింది. ఆయన మా చూపు చూసి, "మీదా అమ్మా? కావాల్నా?" అని గుడ్డను ముందుకు చాపాడు. అమ్మ ఆ అంచును చూపుడువేలితో ఒక్కసారి ముట్టుకుంది.

"ఉంచుకో నాయినా. మంచిగ పీలుస్తది," అంది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. మరిపెడ దగ్గరపడ్డాక కళ్లు తెరవకుండానే అంది: "రేపు నువ్వే ఇంటింటికి పోయి అడుగు. ఒక్కొక్క పాత బట్ట. ఏమిస్తమని చెప్పద్దు. బేరం చెయ్యద్దు."

అప్పటిదాకా నేను ఎవరి దగ్గరా దేన్నీ ఊరికే అడిగి ఎరగను. అడగడం అంటే మా వరసలో చేతిలో ఏదో పెట్టుకుని అడగడమే. మొదట బట్టల దుకాణం వాళ్ల ఇంటికి పోయాను. ఆ ఇంటామె నన్ను చూడగానే నవ్వింది. గంజు సంగతి అప్పటికే వరసంతా పాకిపోయింది.

"ఏం పిల్లా, ఇంకో గంజు కావాల్నా?"

"అక్క బొంతకు పాత చీర ఒకటి..." అని ఆగాను. ఆ ఖాళీ నాకు భరించశక్యం కాలేదు. "మీకు ఈసారి కందిపప్పు మంచిది చూసి బాపుతోని పక్కకు పెట్టిస్త."

"అడుగుడు కూడ బేరమేనా? పో, పొయ్యి మీద పాలున్నయి," అంది ఆమె.

ఉత్త చేతులతో వచ్చిన నన్ను అమ్మ రోలు దగ్గరనుంచి చూసింది. "ఏమన్న ఇస్తనన్నవా?"

"పప్పు..."

"మల్ల పో."

ఈసారి జైనబి ఇంటికి పోయాను. ఆమెను మేం చిన్నమ్మా అని పిలిచేవాళ్లం. మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతూ, కాలు ఆపకుండానే ఏంటన్నట్టు కనుబొమ్మలెత్తింది. చెప్పాను.

"పాతదంటే ఎంత పాతది? మీ చిన్నాయిన లుంగీ ఉన్నది, దానికి నాకంటే ఎక్కువ వయసు."

"ఏదైనా సరే చిన్నమ్మా."

"సరే. ఏమిస్తవ్?"

ఆమె కళ్లలో నవ్వు ఉంది గాని అప్పుడు నేను చూడలేదు. నా నోట్లో పప్పు, చక్కెర, బెల్లం అన్నీ వరస కట్టి నిలబడ్డాయి. వాటిని మింగడానికి చాలాసేపు పట్టింది.

"ఏం లేదు," అన్నాను. అనేటప్పటికి నాకు ఏడుపొచ్చింది.

మిషను ఆగింది. "నక్కో బేటీ, నక్కో, ఏడ్వకు," అంటూ ఆమె లోపలికి పోయి, ఉల్లిపొరలాగా పలచబడిన తెల్లటి నూలు ఓణీ ఒకటి తెచ్చి నా భుజం మీద వేసింది. "నా ముగ్గురు పిల్లలు దీంట్లనే పెరిగిండ్రు. ఉడుకునీళ్లల్ల ఉతుకుమను. ఏడుసుకుంట పోకు, నేను కొట్టిననుకుంటరు."

ఆ తర్వాత కొంచెం తేలికైంది గాని ప్రతి గుమ్మం ముందూ నోరు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఇనుప సామాను వాళ్ల ముసలవ్వ తన పాత రవిక ఒకదాని కుట్లు విప్పి ఇచ్చింది. పొద్దు గూకేలోపు ఎనిమిది ఇళ్ల బట్ట నా చేతుల మీద పోగైంది. బట్టల దుకాణం ఆమె చివరన తనే వచ్చి, గోడ మీద నుంచి ఒక నీలం చీర విసిరి, "పప్పు వద్దు," అని పోయింది. అమ్మ వాటిని మంచం మీద పరిచి ఒక్కొక్కదాన్నీ చెంపకు ఆనించి చూసింది. దబ్బనంలోకి దారం ఎక్కించి ఇమ్మని నాకు చెప్పింది. సాయంత్రం వేళ ఆమె కంటికి ఆనేది కాదు.

పది రోజులు కుట్టింది. జైనబి చిన్నమ్మ మధ్యాహ్నాలు వచ్చి అవతలి కొస పట్టేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నడుములు నొప్పి పెడుతున్నాయని ఒకరికొకరు చెప్పుకుంటూ, గీతల్లాంటి కుట్లు నడిమిదాకా తెచ్చి కలిపేవారు. నేను దారం ఎక్కిస్తూ, వేలు పొడుచుకుంటూ ఉండేదాన్ని. అడుగు పొరలో బాపు ధోవతులు, పై పొరలో నీలం చీర, దాని మీద చిన్నమ్మ ఓణీ. కుట్టు ముగిసిన మూడోనాడు అక్కకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఇంటికి తెచ్చి బొంత మీద వేస్తే, గుప్పిళ్లు విప్పి, ఒళ్లు విరుచుకుని, వెంటనే తడిపేసింది. అక్క పడుకునే తల తిప్పి చూసింది.

"ఎవరి అంచు మీద పోసిందో చూడు. బట్టల దుకాణపామెది అయితే చెప్పొద్దు," అంది. అమ్మ ఆ రోజు నవ్వింది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా రోజుల తర్వాత నవ్వింది.

గంజును ఏం చేశారంటే, వండుకున్నాం. మా ఇంట్లో ఏ వస్తువునూ బాధ కోసం పక్కన పెట్టే అలవాటు లేదు. అమ్మ పోయేదాకా పండుగకూ పబ్బానికీ అన్నం అందులోనే వండింది, ఎవరైనా బాగుందంటే, మా చిన్నది తెచ్చింది అనేది, అంతకుమించి ఒక్క మాట కలపలేదు. సందుగ తాళంచెవి మాత్రం ఆ రోజు నుంచి ఆమె కొంగుకే ఉండిపోయింది. నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, పుట్టింటికి పోయినప్పుడు కూడా, ఏదైనా తీయమని నాకు చెప్పి, తాళం విప్పి ఇచ్చి, నేను మూత వేసేదాకా అక్కడే నిలబడేది. నేనెప్పుడూ అడగలేదు, ఎందుకమ్మా అని.

బొంత తరిగొప్పులకు పోయింది. అక్క తర్వాతి పిల్లలు ఇద్దరూ దాంట్లోనే పెరిగారు. ఆపైన నులక మంచం మీద పరుపైంది, ఆపైన తవుడు సంచి మీద కప్పైంది, ఒక వానాకాలం నాని ఏ పొరకు ఆ పొర విడిపోయింది. ఎత్తవలసిన జన్మలన్నీ ఎత్తే పోయింది.

ఆ బొంతలో మొదట పడుకున్న పిల్ల కూతురే ఇప్పుడు ప్రసవించింది. అందుకే ఆ పరుపును ఒళ్లోంచి దించి, బొంత కుడదామని నా బీరువా తెరిచాను. పది చీరలు బయటపడేశాను. అన్నీ జారిపోయేవే, నీటి బొట్టు వేస్తే మీదనే నిలబడి మెరుస్తుంది. ఉన్న రెండు నూలు చీరలు పెళ్లిళ్లకు కట్టి మడత పెట్టినవి, ఇంకా బిరుసుగానే ఉన్నాయి. కట్టిందే కట్టి మెత్తబరిచే ఓపిక నాకెప్పుడు పోయిందో గుర్తులేదు. సరే, అడుగుదామని బయల్దేరాను. ఈ వయసులో సిగ్గేమిటి. ఎదురింట్లో ఉండేది గంగారం వైపు నుంచి వచ్చిన పంతులమ్మ, మంచి పిల్ల.

"అయ్యో ఆంటీ, పాతయి ఉంచనే ఉంచం. కొత్తది ఉన్నది, ఇయ్యాల్నా?" అని నిజంగానే ఒక కొత్త చీర తెచ్చింది. వద్దన్నాను. కింది ఇంటామె బొంతలు ఫోన్లోనే దొరుకుతాయని, పాతబట్టతో కుట్టినట్టే కనిపిస్తాయని చూపించింది. ఇద్దరూ ఇవ్వకపోవడం కాదు, ఇవ్వడానికి వాళ్ల దగ్గర అటువంటి బట్ట లేదు, కుట్టడానికి నా కళ్లూ నడుమూ లేవు, అవతలి కొస పట్టడానికి ఎదురుగా మనిషి లేదు. చివరికి కొట్టులో కొన్నదాన్నే తీసుకుపోయాను. అక్క ఎంతకిచ్చిండని అడిగింది. చీటీల ఎంతుంటే గంతకే అన్నాను. "నువ్వేనా?" అని నా మొహంలోకి చూసి, జాలిపడి, చాయ్ తాగమంది. బిడ్డ ఆ మెత్తల మధ్య హాయిగానే నిద్రపోతున్నాడు. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు.

బీరువాలోంచి తీసిన చీరలు వారం రోజులుగా కుర్చీ మీదే పడి ఉన్నాయి. మళ్లీ మడత పెట్టబుద్ధి కాలేదు. గిన్నెలిస్తామని ఈ వీధిలోకి ఎవరూ రారు. ఈ పొద్దున చెత్త బండి పాట వినపడితే సంచిలో వేసుకుని కిందికి దిగాను. బండి మీదామె చేతి తొడుగులు సవరించుకుంటూ నా సంచి వైపు చూసింది.

"తడిదా, పొడిదా అమ్మా?"

ఆమె చేయి అప్పటికే చాచి ఉంది. వెనక ఇంకా నలుగురు నిలబడ్డారు.

"పొడిదే," అన్నాను.